తాళం వేసిన సబ్బు

చల్లకొండ మీది ప్రభుత్వ విశ్రాంతి గృహంలో అతిథులు ఎవరి సంతకమూ లేకుండా సబ్బు రుద్దుకున్న చివరి రోజు ఏదని అడిగితే నూకరత్నం తడుముకోకుండా చెబుతుంది. అది తాళాలు వచ్చిన మంగళవారానికి ముందురోజు, సోమవారం. ఆ రోజు నాలుగో నంబరు గదిలో దిగిన పెద్దావిడ ఇంటిల్లిపాది బట్టలతో పాటు గది కర్టెన్లు కూడా ఉతికి ఆరేసి, మిగిలిన సబ్బును రెండు నీళ్ళ సీసాలలో నింపుకుని సంతోషంగా కొండ దిగింది. ఆ తర్వాత చాలాకాలం ఆ కొండ మీద అంత సంతోషంగా స్నానం చేసినవాళ్ళు లేరు.

అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నూకరత్నం సంగతి చెప్పాలి. ఆమె ఆ విశ్రాంతి గృహంలో గదుల పెద్ద. పన్నెండు గదులు, వాటికి పన్నెండు స్నానాల గదులు, ఊడ్చి తుడిచి దుప్పట్లు మార్చడానికి నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళందరి మీదా ఆమె. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. కాగితం మీద మాత్రం ఆమె ఎప్పుడూ పదకొండు నెలలకు మించి పనిచేసింది లేదు. పదకొండు నెలలు నిండగానే ఒకరోజు ఉద్యోగంలోంచి తీసేసి మర్నాడు కొత్తగా చేర్చుకుంటారు. దానికి ఆఫీసు పెట్టుకున్న పేరు బ్రేకు. ఆ ఒక్కరోజు ఆమె ఎవరూ కాదు. ఇరవై సార్లు అలా ఎవరూ కాకుండా పోయింది. ఎన్నిసార్లయినా అది అలవాటు కాలేదు, ప్రతిసారీ ఆ రోజు అన్నం సయించేది కాదు.

ఆమెను పర్మనెంటు చేయమన్న ఫైలు మూడేళ్ళ కిందట బయల్దేరి, ప్రాంతీయాధికారి చిత్తరంజనరావు గారి బల్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన ఒక్క సంతకం పెడితే అక్కణ్ణుంచి మిగతా దారంతా వాలే. ఆయన పెట్టడు, పెట్టనని అనడు. "పరిశీలనలో ఉన్నది" అంటాడు.

అటువంటి చిత్తరంజనరావు గారు ఒక ఉదయం స్వయంగా జీపు దిగి, సిబ్బంది అందర్నీ వరండాలో నిలబెట్టి, ఒక కాగితం చదివాడు.

"ఒక్కసారి వాడి పారవేయు వస్తువేదియు ఇకపై ఈ ప్రాంగణమునందు ఉండరాదు! చిన్న సబ్బుబిళ్ళలు, షాంపూ ప్యాకెట్లు తక్షణం రద్దు. వాటి స్థానే ప్రతి స్నానాల గదియందు పునఃపూరణ ద్రవ వితరణ పరికరములు అమర్చబడును. ఇది సబ్బు విషయం కాదు, సంస్కృతి విషయం. రాష్ట్రమంతటిలో ఈ గృహమే నమూనా గృహం. ఆరు నెలల్లో కమిటీ వస్తుంది. స్వర్ణపత్ర గుర్తింపు వచ్చి తీరాలి. వస్తే," అని ఆగి నూకరత్నం వైపు చూశాడు, "కొన్ని ఫైళ్ళు కదలవచ్చు."

మూడేళ్ళలో ఆయన నోట 'కదలడం' అన్న మాట రావడం అదే మొదలు.

నిజానికి ఆ గృహంలో సబ్బు పారేసే అలవాటు అంతకుముందూ లేదు. అతిథులు వదిలేసిన అరిగిన ముక్కలన్నీ నూకరత్నం ఏరి, పాత డబ్బాలో నానబెట్టి, పెరట్లో పొయ్యి మీద వేడిచేసి, లడ్డూల్లా ముద్దలు కట్టించేది. మెట్లు కడగడానికీ, పరుపు దుప్పట్ల మరకలకీ అవే. గంధం, మల్లె, నిమ్మ, వేప అన్నీ కలిసి ఒక్కో ముద్దా చిత్రమైన వాసన వేసేది. ఈ గొప్ప వేళ అధికారికి ఆ సంగతి చెబితే బాగుంటుందని ఆమెకి తోచింది.

"బాబూ, మేం ఎప్పటికాణ్ణించో ముక్కలేటీ పారెయ్యమండి. ముద్దలు కట్టి వాడుకుంతాం" అని ఒక ముద్ద తెచ్చి చూపించింది.

చిత్తరంజనరావు ఆ ముద్దను రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది అనధికార పునర్వినియోగం" అన్నాడు. "పునర్వినియోగం అనేది శాఖ చేపట్టవలసిన కార్యక్రమం. వ్యక్తులు ఎవరికి వారు చేసుకుంటూ పోతే శాఖ ఏం చేయాలి? తక్షణం ఆపండి."

మేనేజరు భాస్కరమూర్తి తక్షణం ఆపించాడు. ఆయన మంచివాడు, భయస్థుడు, ఆ గృహం మొత్తానికి ఏకైక పర్మనెంటు ఉద్యోగి. పర్మనెంటు కాబట్టే అంత భయం అని ఆడవాళ్ళు వెనక నవ్వుకునేవాళ్ళు. ముద్దలన్నీ బుట్టకెత్తి చెత్త లారీ ఎక్కించారు. ఒక్కటి మాత్రం నూకరత్నం చేతిసంచీలో ఉండిపోయింది. దాచాలని కాదు, మర్చిపోయింది.

వితరణ పరికరాలు వచ్చాయి. గదికి రెండు చొప్పున గోడకు బిగించారు. ఆడవాళ్ళు వాటికి నొక్కుడు డబ్బాలని పేరు పెట్టారు. నొక్కితే చేతిలోకి సబ్బు నీళ్ళు పడతాయి, ఇంకో డబ్బా నొక్కితే షాంపూ. మొదటి వారం అతిథులు ఆనందంతో ఉక్కిరిబిక్కిరైపోయారు. గోడలోంచి ఊరికే సబ్బు వస్తుంటే ఎవరికి చెయ్యి ఆగుతుంది? పిల్లలు బకెట్లలో నురగ కొట్టి బుడగలు ఊదారు. పెద్దలు తెచ్చుకున్న సీసాలూ, ఫ్లాస్కులూ, ఒకాయన మందు సీసా కూడా, నింపుకున్నారు. పొద్దున నింపిన డబ్బా మధ్యాహ్నానికి గాలి వదిలేది. నాలుగో నంబరు పెద్దావిడ కర్టెన్లు ఉతికిన సోమవారం నాడు భాస్కరమూర్తి వణుకుతూ పైకి ఫోను చేశాడు.

మంగళవారం తాళాలు వచ్చాయి.

డబ్బాకో ఇనుప తొడుగు, తొడుగుకో తాళం, తాళాల గుత్తి మేనేజరు నడుముకి. వాటితో పాటు పది నియమాలు. అతిథి స్నానానికి ముందు కౌంటరులో దరఖాస్తు ఇవ్వాలి. మనిషికి రోజుకు మూడు నొక్కులు. తాళం మేనేజరే తీయాలి. నొక్కుళ్ళు సక్రమంగా జరిగినట్టు ఒక సాక్షి సంతకం కావాలి. ఆ సాక్షి అదే గృహంలో వేరే గదిలో బస చేసిన అతిథి అయివుండాలి, దరఖాస్తుదారుకు బంధువు కారాదు, సిబ్బంది అసలే కారాదు. ఈ నియమాల నుండి ఏ హోదాకూ సడలింపు లేదు.

బుధవారం తెల్లారేసరికి రెండో నంబరు గదిలోని సోమరాజు గారు టవలు చుట్టుకుని, ఒళ్ళంతా తడితో కౌంటరు దగ్గరికి వచ్చాడు. భీమవరం నుంచి కొండగాలికని వచ్చిన భారీ మనిషి.

"ఏవండీ మేనేజరు గారూ, డబ్బాకి తాళవేంటండీ? లాకరు గానీ అనుకున్నారేంటి? ఎంత లాగినా రాదేంటండీ బాబూ!"

"దరఖాస్తు పెట్టారా అండి?" అన్నాడు భాస్కరమూర్తి నెమ్మదిగా.

"స్నానానికి దరఖాస్తేంటండీ! వేణ్ణీళ్ళు చల్లారిపోతన్నాయి!"

దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, సబ్బు అవసరానికి కారణం అని గడులు ఉన్నాయి. కారణం దగ్గర సోమరాజు గారు 'ఒళ్ళు' అని రాశాడు. ఇక సాక్షి కావాలి. ఐదో నంబరులోని కొత్త జంట ఎంత కొట్టినా తలుపు తీయలేదు. ఏడో నంబరులోని రిటైర్డు పోస్టుమాస్టరు తీశాడు గానీ, ఊరికే రానన్నాడు.

"మీకు నేను సాక్షి సంతకం పెడితే నాకు మీరు పెట్టాలి. ఒప్పుకుంటే వస్తా."

సోమరాజు గారు ఒప్పుకున్నాడు. అలా ఇద్దరు టవళ్ళ మనుషులు, ఒక మేనేజరు, తాళాల గుత్తి, రెండో నంబరు స్నానాల గదిలో ఇరుక్కున్నారు. భాస్కరమూర్తి గంభీరంగా "ఒకటి... రెండు... మూడు" అని లెక్కపెట్టాడు. మూడో నొక్కుకి డబ్బా తుస్సుమంది. అది నొక్కు కిందకి వస్తుందా రాదా అని పావుగంట వాదన జరిగింది. ఈలోగా వేణ్ణీళ్ళు పూర్తిగా చల్లారిపోయాయి.

వారం తిరిగేసరికి ఆ గృహంలో దిగినవాళ్ళందరికీ ఒకరి వంటి సంగతులు ఒకరికి తెలిసిపోయాయి. మగవాళ్ళు మగవాళ్ళకి, ఆడవాళ్ళు ఆడవాళ్ళకి సాక్ష్యాలు ఇచ్చిపుచ్చుకున్నారు. పొద్దున్నే తలుపులు కొట్టి, "అన్నయ్యగారూ, మీ స్నానమయిందా, మాది మొదలెట్టమంటారా?" అని అడిగేవాళ్ళు. పోస్టుమాస్టరు గారి తమ్ముడి కూతురికి సోమరాజు గారి స్నేహితుడి కొడుకుతో సంబంధం కూడా ఆ క్యూలోనే కుదిరింది. భాస్కరమూర్తి ఈ సంగతి నివేదికలో రాస్తే చిత్తరంజనరావు మురిసిపోయి, పథకం లక్ష్యాలలో 'సామాజిక సమైక్యత' అని ఇంకో వాక్యం చేర్చాడు.

అతిథులు కొందరు గేటు బయట బడ్డీకొట్టులో సబ్బు కొనుక్కోవడం మొదలుపెట్టారు. దానితో తొమ్మిదో నియమం సవరించారు. విధుల్లో లేని బయటి వ్యక్తి ఎవరైనా ఈ ప్రాంగణంలో సబ్బు గానీ, సబ్బు స్వభావం గల పదార్థం గానీ అందిస్తే కేసు పెట్టబడును. బడ్డీ ఆసామి భయపడి కొట్టెత్తి కొండ దిగువకి మార్చేసుకున్నాడు. పోతూ పోతూ నూకరత్నానికి రెండు అరటిపళ్ళు ఇచ్చి, "నీ రూములు చల్లగుండా" అన్నాడు.

తర్వాత డబ్బాలు ఖాళీ అయ్యాయి. మళ్ళీ నింపే ద్రవం ఇరవై లీటర్ల ప్లాస్టిక్ పీపాలో బయల్దేరింది. కొండ మొదట్లో, ప్లాస్టిక్ పైకి పోకుండా చిత్తరంజనరావు గారే కొత్తగా పెట్టించిన చెక్‌పోస్టు ఉంది. చెక్‌పోస్టువాళ్ళు తమ పని తాము చేశారు. పీపాను పట్టుకుని కేసు రాశారు.

ఇక్కడ మామూలు మనిషయితే తల పట్టుకునేవాడు. చిత్తరంజనరావు పట్టుకోలేదు. ఈ నమూనా చూసి రాష్ట్రంలోని మిగతా విశ్రాంతి గృహాలలోనూ రద్దు చేసిన సబ్బునీళ్ళ ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు రెండు లక్షలకు పైగా మూలుగుతున్నాయి. వాటిని పారేయరాదు, అతిథులకు ఇవ్వరాదు. అయితే వాటిని కత్తిరించి, డబ్బాలలో పిండవచ్చు కదా? 'శుద్ధి నిమిత్తం' అన్న ప్రత్యేక అనుమతి పత్రంతో ఆ ప్యాకెట్లన్నీ మూడు లారీల మీద చెక్‌పోస్టు దాటి చల్లకొండ ఎక్కాయి.

అప్పటినుంచి నూకరత్నం, ఆమె నలుగురు ఆడవాళ్ళు భోజనాల హాల్లో చాపలు పరుచుకుని కత్తెరలతో కూర్చున్నారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ప్యాకెట్టు కత్తిరించడం, పిండడం, పక్కన పడేయడం. బొటనవేళ్ళు బొబ్బలెక్కాయి. దగ్గినా తుమ్మినా మల్లెపూల వాసన.

"అప్పుడు రోజుకి ఇరవయ్యో ముప్పయ్యో పారేసీవోళ్ళం" అంది నూకరత్నం నవ్వాపుకోలేక. "ఇప్పుడు ప్యాకెట్లు ఉండకూడదని రోజుకి మూడేలు కోత్తన్నాం. ఇదేటి సోద్యమే తల్లీ!"

ఇరవై నాలుగు డబ్బాలు మొదటి రోజు గంటలోనే నిండిపోయాయి. మిగతాది పైన పాత నీళ్ళ ట్యాంకులో పోశారు. అదీ నిండాక మూత వేసి, లక్క ముద్ర కొట్టి, తాళం పెట్టి, ఆ తాళంచెవి కూడా భాస్కరమూర్తి గుత్తిలో చేర్చారు.

ఇక మిగిలినవి ఖాళీ ప్యాకెట్లు. వాటిని ప్రాంగణంలో ఉంచరాదు. కిందికి పంపిద్దామంటే కింద ఊరు కూడా ప్లాస్టిక్ రహితమే, చెక్‌పోస్టు రానివ్వదు. కాలిస్తే పొగ. పూడిస్తే నేల. భాస్కరమూర్తి నీళ్ళు నమిలి నమిలి పైకి రాస్తే, 'తాత్కాలికంగా కంటికి కనబడని చోట భద్రపరచండి' అని జవాబొచ్చింది. పన్నెండో నంబరు గదిలో నింపి తలుపేశారు. ఈ సంగతి తెలిసి మిగతా విశ్రాంతి గృహాలవాళ్ళు తమ దగ్గర పేరుకున్న కవర్లూ సంచులూ సీసాలూ కూడా శుద్ధి నిమిత్తం అని ముద్రేసి చల్లకొండకే తోలారు. పదకొండు నిండింది. పది నిండింది. గదులు తగ్గేకొద్దీ అతిథులు తగ్గారు, అతిథులు తగ్గేకొద్దీ గదులు ఖాళీ అయి నింపడానికి వీలు కుదిరింది. అయిదో నెల ఆఖరుకి రెండో నంబరు గది తలుపును నలుగురు ఆడవాళ్ళు వీపులతో తోసి, బయట గడియ వేశారు. మిగిలింది ఒకటో నంబరు ఒక్కటే. వంటవాణ్ణి వేరే చోటికి బదిలీ చేశారు.

అతిథి లేడు కాబట్టి సబ్బు ఖర్చు లేదు. డబ్బాలన్నీ అంచుదాకా నిండి ఉన్నాయి. ఫిర్యాదు ఒక్కటీ లేదు.

"అద్భుతం!" అన్నాడు చిత్తరంజనరావు నివేదిక చూసి. "నూటికి నూరు శాతం పరిపూర్ణత, శూన్య వినియోగం! ప్రపంచంలో ఏ హోటలు సాధించింది ఇది?"

కమిటీ శనివారం వస్తుందని కబురొచ్చింది. శుక్రవారంతో నూకరత్నం పదకొండు నెలలు నిండిపోయాయి. అంటే సరిగ్గా ఆ శనివారమే ఆమెకు బ్రేకు. ఆ కాగితం మీద సంతకం చిత్తరంజనరావుదే. దాని మీద పెట్టడానికి మాత్రం ఆయనకు పరిశీలన అక్కర్లేకపోయింది.

"నూకరత్నం, నువ్వు లేకపోతే నా కొంప మునుగుతుంది. ఉద్యోగిలా కాదు, ఊరికే, చుట్టపుచూపుగా వచ్చి మెట్ల మీద కూర్చోమ్మా" అని బతిమాలాడు భాస్కరమూర్తి.

ఆమె వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఒళ్ళో చేతిసంచీ ఉంది. లోపల అన్నం డబ్బా, మర్చిపోయిన సబ్బుముద్ద, ఎప్పుడైనా అవకాశం దొరికితే చూపిద్దామని మూడేళ్ళుగా మోస్తున్న ఫైలు కాగితాల నకళ్ళు ఉన్నాయి. సంచీని గట్టిగా పట్టుకుంది. గుర్తింపు వస్తే ఫైలు కదులుతుంది, రాకపోతే ఇంకో ఇరవై బ్రేకులు. ఆ తర్వాత కళ్ళు కనబడవు, మోకాళ్ళు వంగవు.

ముందురోజే వచ్చి ఒకటో నంబరులో దిగిన చిత్తరంజనరావు ఆ ఉదయం ఉత్సాహంగా ఉన్నాడు. ఎంత పనున్నా శనివారం తలంటు మానని మనిషి. వెంట తెచ్చుకున్న నువ్వులనూనె గోరువెచ్చగా చేసుకుని, నడినెత్తి మొదలు అరికాళ్ళ దాకా దట్టంగా పట్టించాడు. సబ్బు తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే సిద్ధాంతానికి ద్రోహం. వేణ్ణీళ్ళు తోడుకుని, కళ్ళు మూసుకుని, షాంపూ డబ్బా కోసం చెయ్యి చాచాడు.

చేతికి తాళం తగిలింది.

సరిగ్గా అదే సమయానికి కమిటీ వ్యాను చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది. లోపల మూడు నీళ్ళ సీసాలు పట్టుబడ్డాయి. విడిపించడానికి భాస్కరమూర్తి స్కూటరు మీద దిగువకి వెళ్ళాడు. తాళాల గుత్తి ఆయన నడుముకే ఉంది.

"నా నియమాల ప్రకారం అది మీ దగ్గరే ఉండాలి, నిజమే, కానీ వెంటనే రండి!" అని చిత్తరంజనరావు ఫోనులో అరుస్తూంటే, చెవి మీంచి నూనె కారి ఫోను చేతిలోంచి జారి బకెట్లో పడింది. నెత్తిమీద ట్యాంకులో వెయ్యి లీటర్ల షాంపూ ఉంది. నెత్తికి చుక్క లేదు.

లుంగీ చుట్టుకుని బయటికొచ్చాడు. వంటింట్లో శనగపిండి ఉంటుందేమోనని చూస్తే వంటింటికి తాళం. పక్కనే రెండో నంబరు గది. అందులో ప్యాకెట్లున్నాయని నివేదికలో చదివాడు. ఒక్కదాంట్లోనైనా చుక్క మిగలకపోతుందా అనుకుని గడియ మీద చెయ్యి వేశాడు.

"బాబూ బాబూ, ఆ తలుపు తియ్యకండి!" అని నూకరత్నం మెట్ల మీంచి లేచి పరిగెత్తింది.

ఆయన తీశాడు.

నెల రోజులు తలుపు వెనక ఊపిరి బిగబట్టుకున్న ప్యాకెట్లు ఒక్కసారిగా వరండాలోకి విరుచుకుపడ్డాయి. చిత్తరంజనరావు మాయమయ్యాడు. నూకరత్నం రెండు చేతులతో తవ్వి, ఒక మోచెయ్యి దొరకబుచ్చుకుని బయటికి లాగింది. నూనె ఒంటికి నఖశిఖపర్యంతం ప్యాకెట్లు అతుక్కున్నాయి. ఆకుపచ్చవి, వెండిరంగువి, గులాబీవి. ఒకటి పీకితే ఆ చోట రెండు అంటుకుంటున్నాయి. ముక్కు మీద 'మృదువైన కురుల కోసం' అని ఉంది.

నూకరత్నానికి పొట్ట పగిలేంత నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

ఘాటు రోడ్డు ఆఖరి మలుపులో వ్యాను హారను మోగింది.

"నూకరత్నం!" అన్నాడాయన ఏడుపు గొంతుతో. "కొంచెం సబ్బు! ఏదైనా సరే, ఎటువంటిదైనా సరే!"

"ఉంది బాబూ. ఆ ముద్ద ఒకటి ఉండిపోనాది. కానీ నాను ఇయ్యకూడదు కదండి."

"ఎందుకివ్వకూడదు?"

"తొమ్మిదో రూలు. బయటోళ్ళు సబ్బిత్తే కేసు కదండి."

"నువ్వు బయటిదానివేమిటి! మా స్టాఫువి!"

"ఇయ్యాల కాదు బాబూ. ఇయ్యాల నాకు బ్రేకు. తవరే కదా సంతకం ఎట్టినారు. ఇయ్యాల నాను ఎవుర్నీ కాను. రేపొద్దున్న మల్లీ సేరతాను, సేరగానే ఇత్తాను."

హారను దగ్గరయింది. ఆయన తల ఎంత జిడ్డుగా ఉన్నా లోపల నియమాలు చకచకా కదిలాయి. "నీ బ్రేకు రద్దు. ఇప్పుడే, ఈ క్షణమే."

"బ్రేకు లేకపోతే ఇంక పర్మనెంటే కదా బాబూ. ఊరికే నోటితో అంటే సెల్లదు." సంచీలోంచి కాగితాలు తీసి స్తంభానికి ఆనించి పట్టుకుంది. "కలము కూడా తెచ్చినాను."

ఆయన చదవలేదు. చదవడానికి కళ్ళల్లో నూనె. ఎక్కడంటే అక్కడ పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడు నొక్కులు. నూకరత్నం కాగితాలు సంచీలో పెట్టేసుకుని, ముద్ద చేతిలో పెట్టింది.

అప్పటికే ఆలస్యమయింది. కమిటీ మెట్లెక్కేసింది. ముందు అధ్యక్షురాలు, చత్వారపు కళ్ళద్దాల పెద్దావిడ, వెనక ఇద్దరు సభ్యులు, ఆ వెనక భాస్కరమూర్తి. వరండాలో మోకాలి లోతు ప్యాకెట్లు, వాటి మధ్య తళతళ మెరుస్తూ ఒక ఆకారం. అందరూ నోరెళ్ళబెట్టారు. భాస్కరమూర్తి అయితే స్తంభాన్ని కౌగిలించుకున్నాడు.

చిత్తరంజనరావు గొప్పతనం అక్కడే ఉంది. ఒక్క క్షణం తడబడి, రెండో క్షణంలో కుడిచెయ్యి పైకెత్తాడు.

"చూడండి!" అన్నాడు గంభీరంగా. "వాడి పారేసే నాగరికతలో రేపటి మానవుడు ఇతడే! తాను పారేసిందే తనను కప్పివేయగా, ఊపిరాడక, దిక్కు తోచక..." నిజంగానే ఊపిరాడక దగ్గాడు.

అధ్యక్షురాలి కళ్ళు చెమర్చాయి. "ఒక అధికారి స్వయంగా ఇంత త్యాగం చేసి చైతన్య రూపకం ప్రదర్శించడం నా సర్వీసులో చూడలేదు" అంది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఒకటో నంబరులో నిండుగా ఉన్న డబ్బాలను తొడుగుల సందుల్లోంచి చూసి, ముట్టుకోకుండా మెచ్చుకుని, స్వర్ణపత్రం అక్కడికక్కడే ప్రకటించారు. ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి రెండు గంటలు బయటికి రాలేదు. వచ్చాక ఒంటికి పదహారు రకాల వాసన.

స్వర్ణపత్రం నెల తర్వాత అందమైన అద్దాల చట్రంలో, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని బయల్దేరింది. చెక్‌పోస్టువాళ్ళు పట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

కొత్త సర్క్యులర్ మాత్రం క్షేమంగా కొండెక్కింది. వితరణ పరికరాలు రద్దు. గదికో చిన్న సబ్బుబిళ్ళ. మిగిలిన ముక్కలతో 'సమగ్ర పునరావృత స్వచ్ఛతా గోళము' తయారుచేయవలెను. ఇది ప్రాంతీయాధికారి చిత్తరంజనరావు గారి స్వీయ పరిశోధన. ఇకపై ముక్కలు పారవేయువారిపై చర్య తీసుకొనబడును. ప్యాకెట్ల సంగతి అందులో లేదు. అతిథులు మళ్ళీ వచ్చారు గానీ, పన్నెండు గదుల్లో పదకొండు ఇంకా శుద్ధి నిమిత్తం మూసే ఉన్నాయి. సోమరాజు గారు క్యూలో కుదిరిన పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, ఒకటో నంబరులో దిగి, ఒక్కడే, సాక్షులు లేకుండా, తృప్తిగా స్నానం చేసి వెళ్ళాడు.

నూకరత్నం ఫైలు? మొదటి కాగితం పైఆఫీసులో ఎక్కడో పోయింది. భాస్కరమూర్తి భయపడుతూనే రెండోది పంపాడు. 'సంతకము క్రింద జిడ్డు మరక గలదు, కారణము తెలుపగలరు' అని తిరిగొచ్చింది. మూడోదాన్ని నూకరత్నం ముందే ఇంటికి పట్టుకెళ్ళింది. దుప్పట్ల మీద తలనూనె మరకలు తీసిన చెయ్యి అది. కాగితం మీద బియ్యప్పిండి జల్లి, పైన పాతగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె వెచ్చగా ఆనించి, రెండుసార్లు పిండి దులిపింది. మరక పోయింది, సంతకం మిగిలింది.

ఆర్డరు వచ్చిన రోజు ఆమె మెట్ల మీద కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఎవరు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చింది. భాస్కరమూర్తి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒకటే సంతకం కావాలి కదమ్మా. ఆ గొడవలో మూడు కాపీల మీద పెట్టించాలని నీకెలా తోచింది?"

నూకరత్నం కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"తవరే కదా బాబూ, ఆ సర్క్యులరు మాకు ఆరు నెల్లు సదివి ఇనిపించినారు. ఒక్కసారి వాడి పారేసీది ఏదీ ఉంచుకోకూడదు, కాళీ అయిపోతే మల్లీ నింపడానికి సేతిలో ఇంకోటి ఉండాలని" అంటూ లేచి, పొయ్యి మీద సబ్బుముక్కలు మాడిపోతున్నాయేమో చూడటానికి పెరట్లోకి వెళ్ళింది.